ఎడమ పురి

తెనాలి,
12 మే 2024

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. అందరం బాగున్నాం. పోయిన ఆదివారం మనం ఫోన్‌లో పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో మీరు నాలుగుసార్లు "ఊఁ" అన్నారు. మిగతాదంతా నేను ఏడిచాను. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మీలాంటి మనిషికి ఫోన్ ఇంత కష్టమవుతుందనుకోలేదు. ఉత్తరంలో అయితే నేను ఏడిచినా మీకు వినపడదు. మీరూ "ఊఁ" అని రాసి పోస్టు చెయ్యలేరు కదా.

అసలు సంగతి. తేజస్వినికి పెళ్లి కుదిరింది. కుర్రాడిది గుంటూరు, బ్యాంకులో చేస్తున్నాడు. నెమ్మదస్తుడు. ఆగస్టు 22న ముహూర్తం. అక్క పోయి ఏడాది తిరగలేదు కాబట్టి మీరు రాలేరని తెలుసు. దాని గురించి ఇంకేమీ రాయను, కాగితం తడుస్తుంది.

మా పుట్టింటి వాడుక మీకు గుర్తుండే ఉంటుంది. ఆడపిల్ల మంగళసూత్రం తాడుకు నూలు పెద్దమ్మ వడకాలి. నాకు మా పెద్దమ్మ వడికింది. తేజస్విని కోచింగ్‌కని మీ ఇంట్లో రెండేళ్లు ఉన్నప్పుడే అక్క తకిలి పట్టుకుంది. "ఇప్పుడెందుకే, సంబంధమైనా చూళ్లేదు" అంటే, "కుదిరాక మొదలెడితే కంగారులో ముడులు పడతాయి" అంది. ఎంత వడికిందో నాకు తెలియదు. ఉన్నంత పంపండి. చాలకపోతే షాపు దారం కలుపుకుంటాం.

గోంగూర పచ్చడి విడిగా పార్సిల్ చేశాను. పెరుగన్నంలోకి కూడా బాగుంటుంది. ఒక్కరేనని వండుకోవడం మానకండి.

మీ మరదలు
సూర్యప్రభ


గడ్డిఅన్నారం,
20 మే 2024

సూర్యప్రభకు ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. తేజస్విని పెళ్లి సంగతి సంతోషం.

నూలు దొరికింది. వంటింట్లో పప్పుల డబ్బాల వెనక పాత బిస్కెట్ డబ్బాలో ఉంది. పంపలేను.

పచ్చడి చేరింది. మూత దగ్గర కొంచెం కారింది. పోస్ట్‌మన్ చొక్కాకు అంటింది. ఆ తర్వాత నా ఉత్తరాలు గేటు బయటి నుంచే ఇస్తున్నాడు.

పళ్ల మార్కెట్ ఇక్కణ్నుంచి వెళ్లిపోయి మూడేళ్లవుతోంది. వీధిలో బత్తాయి వాసన ఇంకా వస్తోందని మీ అక్క అనేది. నాకెప్పుడూ రాలేదు. నిన్న మళ్లీ నిలబడి చూశాను. రాలేదు.

మధ్యాహ్నాలు ఫోన్ చేయవద్దు. ఇంట్లో ఉండను.

చక్రపాణి


తెనాలి,
2 జూన్ 2024

బావగారికి,

"పంపలేను" అన్న ఒక్క మాట పది రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. మా ఆయన "మురళీకృష్ణ అనే నేను చెబుతున్నాను, వదిలెయ్" అన్నారు. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. వదల్లేదు.

అక్క పదమూడో రోజు కార్యం అయిన సాయంత్రమే నేను బస్సెక్కేశానని కోపమా? మా అత్తగారికి ఆపరేషన్ అని చెప్పాను. మీరు "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"కి అర్థం వెళ్లమనో వద్దనో నాలుగు నెలల్లో నాకు తేలలేదు. అక్క వస్తువు ఏదీ మీరు వదులుకోలేరనుకుంటే ఆ ముక్క రాయండి. అర్థం చేసుకుంటాను. అక్కడ ఉన్నది మీ భార్య నూలే కాదు, నా అక్క నూలు కూడా.

ఇంకొకటి. అడగకూడదు. అడుగుతున్నాను. మీ పై వాటా సంతోషి ఫోన్ చేసింది. నేను అడక్కుండానే చెప్పింది. "ఆంటీ, అంకుల్ రోజూ రెండు గంటలకు ఇస్త్రీ అంగీ ఏస్కొని, తల దువ్వుకొని మెట్రో ఎక్కుతున్నరు. ఎల్బీ నగర్ పోతున్నరంట. ఆరింటికి ఒస్తున్నరు. ఎవరున్నరు ఆంటీ అక్కడ?" అంది. నాకేం తెలుసు? మీకు అరవయ్యారేళ్లు. ఒంటరితనం నాకు అర్థమవుతుంది. కాని నాలుగు నెలలేనండీ.

సూర్యప్రభ


గడ్డిఅన్నారం,
9 జూన్ 2024

సూర్యప్రభకు ఆశీస్సులు.

ఎల్బీ నగర్‌లో బక్కయ్య ఉన్నాడు.

ఎక్స్ఛేంజీలో నా దగ్గర కేబుళ్లు అతికే పని చేసేవాడు. ఊరు నల్గొండ వైపు. నేతపని ఇంట్లో పుట్టాడు. పదేళ్ల వయసుకే నూలు వడికాడు. తర్వాత ముప్పై ఏళ్లు టెలిఫోన్ తీగలు జంటలు జంటలుగా పెనవేశాడు. ఈ విషయంలో ఇంతకంటే తెలిసినవాడు నాకు దొరకడు.

నూలు పంపలేనన్నది కోపంతో కాదు. డబ్బాలో ఉన్నది ఒక్క పేట. తాడుకు మూడు పేటలు కావాలి. ఒక్కటే పంపితే నువ్వు షాపు దారం కలుపుతావు. అది నాకు ఇష్టం లేదు. మిగతా రెండు పేటలు నేను వడుకుతాను. ఈ మాట మొదటే రాయాల్సింది. వడకడం వచ్చాక రాద్దామనుకున్నాను. ఇంకా రాలేదు.

నువ్వు బస్సెక్కిన రోజు నేనన్న "ఊఁ"కి అర్థం, జాగ్రత్తగా వెళ్లమని.

తల నలభై ఏళ్లుగా దువ్వుకుంటున్నాను. సంతోషి ఇప్పుడు గమనించింది.

మీ అక్క తకిలే తీసుకెళ్తున్నాను. జానెడు ఇనుప ఊచ, అడుగున ఇత్తడి బిళ్ల. మొదటిరోజు మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ అతను సంచి తెరిపించాడు.

"ఏంది సార్ ఇది?"

"తకిలి. నూలు వడికేది."

"ఎవరు వడుకుతరు?"

"నేను."

కాసేపు నన్నే చూసి పొమ్మన్నాడు. ఇప్పుడు రోజూ "ఎంత దాంక వచ్చింది సార్" అని అడుగుతున్నాడు. చెప్పడానికి ఏమీ ఉండటం లేదు.

పని చూడటానికి సులువు. ఎడమచేత్తో దూది ఏకు పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య తకిలిని చిటికేసినట్టు తిప్పాలి. అది తిరుగుతుంటే దూదిని మెల్లగా సాగదీయాలి. నేను సాగదీస్తే తెగుతోంది. బక్కయ్య అంటాడు: "సారూ, గట్ల గుంజకు. దూది నీ కింద నౌకరు కాదు. అది ఎంత ఇస్తే అంత తీస్కో." వారం తర్వాత తెగకుండా వచ్చింది. అతని భార్య పెంటమ్మ చూసి, "గిది దారమా, నులకనా? మంచమల్లనీకి పనికొస్తది సారూ" అంది. కట్టి పక్కన పెట్టింది. నిజంగానే వాడుకున్నట్టుంది, మర్నాడు కనబడలేదు.

జులై మొదటికి పూర్తవుతుంది.

చక్రపాణి


తెనాలి,
18 జూన్ 2024

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. "చెప్పానా" అన్నారు. ఏం చెప్పారో నాకు గుర్తులేదు. నేను రాసిన పిచ్చిరాతలన్నీ చింపెయ్యండి. బక్కయ్యగారికి, పెంటమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. సంతోషికి నేనే ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, అంతేనా" అంది. నిరాశపడినట్టుంది.

ఒక చిక్కు వచ్చింది. మా ఆడపడుచుకు నోరు జారి చెప్పాను. "భార్య పోయినాయన వడికిన నూలు పెళ్లికూతురి మెళ్లోనా?" అంది. మర్నాడు పురోహితులు సాంబమూర్తిగారి దగ్గరకు వెళ్లాను. ఆయన రెండు పుస్తకాలు తిరగేశారు. కళ్లజోడు తీసి, "అమ్మాయ్, భర్త పోయిన స్త్రీ ఏం ముట్టుకోకూడదో చాంతాడంత రాశారు. భార్య పోయిన మగవాడు నూలు వడకొచ్చా లేదా అన్నది ఎవరూ రాయలేదు. వడుకుతాడని ఎవరూ అనుకుని ఉండరు" అన్నారు. మరేం చెయ్యమంటారు అంటే, పసుపు పూసేదాకా అది ఉత్త దూదేనని, పసుపు ముత్తైదువ పూస్తే చాలునని అన్నారు. నేనే పూస్తాను.

ఆగస్టు పదికల్లా అందేలా చూడండి. మరీ నులకలా కాకుండా.

తేజస్విని రోజూ అడుగుతోంది, పెద్దమ్మ నూలు వచ్చిందా అని. వస్తోందని చెప్పాను. మాట పోనివ్వకండి.

మీ మరదలు
సూర్యప్రభ


గడ్డిఅన్నారం,
7 జులై 2024

సూర్యప్రభకు ఆశీస్సులు.

తాడు కాలేదు.

నా రెండు పేటలు జూన్ 29కి పూర్తయ్యాయి. సన్నగానే వచ్చాయి. పెంటమ్మ కూడా ఏమీ అనలేదు. మీ అక్క పేట నుంచి బారెడు తీసి, మూడూ కలిపి పురి పెట్టాను. వడికేటప్పుడు ఒక దిక్కుకు తిప్పితే, పేటలు పెనవేసేటప్పుడు ఎదురు దిక్కుకు తిప్పాలి. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అలాగే చేశాను.

నా రెండూ సర్దుకున్నాయి. మీ అక్కది బిగుసుకుపోయి, టెలిఫోన్ రిసీవర్ వైరులాగా ఉంగరాలు తిరిగింది. ఇంకొంచెం తిప్పితే పుటుక్కున తెగింది. మర్నాడు ఇంకో బారెడు తీసి, దిక్కు మార్చి తిప్పాను. ఈసారి ఆమెది సర్దుకుంది. నా రెండూ ఉంగరాలు తిరిగాయి.

బక్కయ్య నన్ను మూడు రోజులు తిట్టాడు. సర్వీసులో ఉండగా నేనతన్ని తిట్టినవి కూడా ఇందులో కలిసి ఉండొచ్చు. నాలుగో రోజు మీ అక్క పేట, నా పేట పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాడు.

"సారూ, నీది కుడి పురి. అమ్మది ఎడమ పురి. ఈ రెండు కలువయి. అమ్మది ఎడమచెయ్యా?"

కాదన్నాను.

"అయితది సారూ. దారం అబద్ధమాడదు."

ముప్పై ఆరేళ్లు ఎదురుగా కూర్చుని భోంచేశాను. కుడిచెయ్యే. సంతకం కుడిచేత్తో. ముగ్గు కుడిచేత్తో. ఈ మాటే చెప్పాను. బక్కయ్య టీ తెప్పించాడు.

కాబట్టి అడుగుతున్నాను. ఈ నూలు వేరెవరైనా వడికి ఇచ్చారా? మీ అక్క ఎవరి దగ్గరైనా తీసుకుందా? అదైతే చెప్పు. ఏమీ అనుకోను. ఆమెది కాని నూలుకు ఇంత హడావిడి అక్కర్లేదు.

ఆ పేటలో మిగిలింది తాడుకు సరిగ్గా సరిపోతుంది. ఇంకోసారి తప్పు చేయడానికి లేదు.

చక్రపాణి


తెనాలి,
13 జులై 2024

బావగారికి,

మీ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. రెండు రోజులు తియ్యలేదు.

అది అక్క వడికిందే. అక్కది ఎడమచేతి వాటం.

చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటోందని అమ్మ ఆ చేతిని పాత చీర పీలికతో మంచంకోడుకు కట్టేసేదట. నాకప్పటికి రెండేళ్లు, పెద్దయ్యాక విన్నదే. అలా అన్నం కుడిచేతికి వచ్చింది, తర్వాత రాత, ముగ్గు, సూది, చీపురు. తకిలి ఒక్కటీ రాలేదు. ఆరో క్లాసులో చేతిపనుల పీరియడ్ ఉండేది. పిల్లలందరూ ఎవరి దారం తెగకుండా వాళ్లు చూసుకునేవాళ్లు. అక్క చెయ్యి ఎవరూ చూడలేదు. "ఇదొక్కటీ నాకు మిగిలిందే, ఎవరికీ చెప్పకు" అంది. నేను చెప్పలేదు.

మీరు పెళ్లిచూపులకు వచ్చినరోజు అమ్మ కాఫీ గ్లాసు కుడిచేతిలో పెట్టి, ఆ వేళ్లు గట్టిగా నొక్కి పంపింది. మీరు "కాఫీ బాగుంది" అన్నారు. మీరు ఆరోజు మాట్లాడింది అంతే. వాళ్లకెలాంటి అనుమానం రాలేదని అమ్మ మురిసిపోయింది.

మీకు చెప్పాలని అక్క అనుకునేది. మొదటి ఏడాది భయమేసిందట. పదేళ్లయ్యాక చెబితే ఇన్నాళ్లు ఎందుకు దాచావంటారని ఊరుకుంది. ముప్పై ఏళ్లయ్యాక, "ఇంక చెప్పడానికేముందే, ఆయన అడిగితే చెబుతాను" అంది. మీరు ఏం అడుగుతారు? మీరు ఏదీ అడగరు.

ఇప్పుడు ఏం చెయ్యాలో మీరే తేల్చండి. మీరు మూడో పేట కూడా వడికి మూడూ మీవే కలిపితే తాడు బాగా వస్తుంది, ఇబ్బందేమీ ఉండదు. కాని అందులో అక్క ఉండదు. శుభకార్యానికి ఎడమచేతి నూలు అని తెలిస్తే మా ఆడపడుచు ఏమంటుందో నాకు తెలుసు. ఆవిడకు చెప్పను. సాంబమూర్తిగారికి కూడా చెప్పను, పాపం ఇంకో రెండు పుస్తకాలు వెతకాలి. తేజస్వినికి మాత్రం అబద్ధం చెప్పలేను.

చెప్పనందుకు క్షమించండి.

సూర్యప్రభ


గడ్డిఅన్నారం,
3 ఆగస్టు 2024

సూర్యప్రభకు ఆశీస్సులు.

తాడు నూలు కొరియర్‌లో పంపాను. బిస్కెట్ డబ్బాలోనే పెట్టాను. అందినట్టు రాయి.

నా రెండు పేటలు తీసేశాను. పెంటమ్మ వాటితో బీరపాదు కట్టుకుంది. కొత్తగా రెండు వడికాను, ఎడమచేత్తో.

కుడిచేత్తోనే ఎదురు దిక్కుకు తిప్పి చూశాను. వేళ్లు పాత దిక్కుకే పోతున్నాయి. బక్కయ్య, "ఉల్టా తిప్పుడు కన్న చెయ్యి మార్చుడే నయం సారూ" అన్నాడు. మార్చాను. మొదటి వారం తకిలి చేతిలో కంటే నేల మీద ఎక్కువ ఉంది. ఒకసారి బక్కయ్య కాలి మీద పడింది. ఎడమచేతికి వాడుక రావాలని పెంటమ్మ నాచేత చిక్కుడుకాయలు ఒలిపించింది, బియ్యం ఏరించింది, తాళం తీయించింది. ఒకరోజు, "ఇగ బువ్వ గూడ ఎడమచేత్తోనే తింటవా ఏంది సారూ?" అంది. తినలేదు. కాని ప్రయత్నించి చూశాను, ఇంటికి వచ్చాక. కష్టం. కుడిచేతిని కుర్చీకి కట్టుకుంటే తప్ప అది ఆగదు. మీ అక్కకు అప్పుడు ఐదేళ్లు ఉండి ఉంటాయి.

మెట్రో సెక్యూరిటీ అతను నా కుడిచేతికి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాను.

మీ అక్క మధ్యాహ్నాలు వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని వడికేది. నేను టీ కోసం వెళ్లేముందు దగ్గేవాణ్ని. చెప్పాపెట్టకుండా లోపలికి వెళ్లడం మర్యాద కాదని. నేను వెళ్లేసరికి తకిలి ఒళ్లో ఉండేది. అది తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

మొన్న మూడు పేటలూ కలిపాము. బక్కయ్య ఒక కొస పట్టుకున్నాడు, నేను ఒక కొస. పెంటమ్మ మధ్యలో వేలు పెట్టి పురి ముందుకు పారనిచ్చింది. చివర బక్కయ్య తన కొస వదిలేశాడు. పురి కుదరకపోతే వదలగానే విడిపోవాలి. విడిపోలేదు. కొంచెం కదిలి ఆగింది.

వీటిలో ఏ పేట మీ అక్కదో ఇప్పుడు నాకు తెలియడం లేదు. బక్కయ్యకు తెలుస్తుంది. చెప్పవద్దన్నాను.

తేజస్వినికి ఆశీస్సులు. నిజం చెప్పవచ్చు.

చక్రపాణి


తెనాలి,
25 ఆగస్టు 2024

బావగారికి నమస్కారాలు.

పెళ్లి బాగా జరిగింది. వాన రాలేదు. వంటవాళ్లు వచ్చారు. మా ఆయన బూట్లు ఎవరో వేసుకెళ్లిపోయారు, ఆ ఒక్క దుఃఖంతో సరిపోయింది.

తాడుకు నేనే పసుపు పూశాను. పూస్తుంటే మా ఆడపడుచు పట్టుకుని చూసి, "ఎంత నున్నగా ఉందో, ఇది అచ్చం చెయ్యి తిరిగినవాళ్ల పని" అంది. ఎవరి చెయ్యని అడగలేదు. నేనూ చెప్పలేదు.

తేజస్వినికి ముందురోజే అంతా చెప్పాను. చెబుతూ నేనే ఏడిచాను. అది నన్ను మధ్యలో ఆపి, "నాకు తెలుసమ్మా" అంది. కోచింగ్ లేని రోజుల్లో వంటింట్లో అక్క పక్కనే కూర్చుని చదువుకునేదట. "పెద్దమ్మ నా ముందు ఎడమచేత్తోనే వడికేది. పెదనాన్న దగ్గగానే ఒళ్లో పెట్టేసి నాకేసి చూసి నవ్వేది. 'మీ పెదనాన్న ఎంత మంచాడే, వచ్చేముందు గంట కొడతాడు' అనేది" అంది. ఇది మీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. మా ఆయన రాయమన్నారు. ఈసారి ఏమన్నారో నాకు బాగా గుర్తుంది.

అప్పగింతలప్పుడు అది తాడు వేళ్లతో పట్టుకునే ఉంది.

పదహారు రోజుల పండగకి సూత్రాలు గొలుసులోకి మారుస్తాం. పాత తాడు మామూలుగా కాలవలో వదిలేస్తాం. మీకు కావాలంటే పంపిస్తాను. సాంబమూర్తిగారిని అడగను.

మీ మరదలు
సూర్యప్రభ


గడ్డిఅన్నారం,
5 సెప్టెంబర్ 2024

సూర్యప్రభకు ఆశీస్సులు.

తాడు పంపవద్దు. అందరిదీ వదిలినట్టే వదిలేయండి.

మీ చిన్నమ్మాయి భావనకు ఇరవై మూడేళ్లని గుర్తు. సంబంధాలు తొందరపడి చూడకండి. నేను మొదలుపెట్టాను. కుదిరాక మొదలుపెడితే ముడులు పడతాయి.

బక్కయ్య ఇప్పుడు వారానికి ఒకరోజు ఇక్కడికే వస్తున్నాడు. మిగతా రోజులు మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని నేనే వడుకుతున్నాను. వెలుతురు అక్కడ బాగుంటుంది. తలుపు తెరిచే ఉంచుతున్నాను.

నిన్న సంతోషి కరివేపాకు కోసం వచ్చింది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"అంకుల్, మీది ఎడమచెయ్యా?" అంది.

అవునన్నాను.

చక్రపాణి